ఎంజైము ఉంటే చాలదు, పని చేయాలి: కణంలో ఆ పనిని పట్టి చూపే రసాయనాలు

ఇంట్లో ఎవరికైనా రక్తపరీక్ష చేయించి ఉంటే ఆ రిపోర్టు కాగితం ఒకసారి బయటికి తీయండి. హిమోగ్లోబిన్ ఎదుట గ్రాములు అని ఉంటుంది. షుగర్ ఎదుట, కొలెస్ట్రాల్ ఎదుట మిల్లీగ్రాములు అని ఉంటుంది. ఎస్.జి.పి.టి., ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే వరుసల దగ్గరికి వచ్చేసరికి గ్రాముల లెక్క పోయి "లీటరుకు ఇన్ని యూనిట్లు" అని ఉంటుంది. ఒకే రక్తం, ఒకే కాగితం, కొలత మాత్రం వేరు. ఈ తేడా ఎందుకో అర్థమైతే జీవరసాయన శాస్త్రంలో ఒక ముఖ్యమైన పాఠం అర్థమైనట్టే. పి.యు.సి. సైన్సు, బి.ఎస్‌సి. చదివే మన విద్యార్థుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. తల్లిదండ్రులు కూడా చదవవచ్చు. మన నీళ్ల సంగతి, పొలంలో కొట్టే మందు సంగతి ఇందులో ఉన్నాయి.

ఎస్.జి.పి.టి., ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండూ ఎంజైములు. కన్నడ మాధ్యమంలో చదివిన పిల్లలు వీటినే "కిణ్వ" అని చదివి ఉంటారు. శరీరంలో జరిగే రసాయన మార్పులను వేగంగా జరిపించే ప్రోటీన్లు ఇవి. ఒక్కో ఎంజైము ఒక్కో పనికి. అది పట్టుకుని మార్చే పదార్థాన్ని సబ్‌స్ట్రేట్ అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో అధస్థ పదార్థం అని ఉంటుంది. ఎంజైములో ఆ పదార్థం వచ్చి కూర్చునే చిన్న గుంటను క్రియాశీల స్థానం అంటారు. రిపోర్టులోని "యూనిట్" బరువును చెప్పదు. ఒక నిమిషంలో ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చగలిగినంత పనిని ఒక యూనిట్ అంటారు. అంటే ల్యాబువాళ్లు ఎంజైమును తూచలేదు, దానిచేత పని చేయించి ఆ పనిని లెక్కపెట్టారు.

తూచితే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. బ్యాంకు పని తెలిసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. లెడ్జరులో వెయ్యి సేవింగ్సు ఖాతాలు ఉండవచ్చు. అందులో రెండేళ్లకు పైగా లావాదేవీ లేనివి ఇనాపరేటివ్ ఖాతాలు. ఖాతాల సంఖ్య చూసి ఆ బ్రాంచిలో ఎంత పని జరుగుతోందో చెప్పలేం. కణంలో కూడా అంతే. మన క్లోమగ్రంథిలో ట్రిప్సిన్ అనే ఎంజైము ట్రిప్సినోజెన్ అనే నిద్రావస్థలో తయారవుతుంది. చిన్నప్రేగులోకి వెళ్లాక మరో ఎంజైము దాని కొసన ఒక ముక్క కత్తిరిస్తే అప్పుడు మేలుకుని మాంసకృత్తులను జీర్ణం చేస్తుంది. పొరపాటున క్లోమంలోనే మేలుకుంటే క్లోమాన్నే తినడం మొదలుపెడుతుంది. ప్యాంక్రియాటైటిస్ అనే ప్రాణాంతకమైన జబ్బులో జరిగేది అదే. ఎంత ఉన్నదన్న లెక్క ఇక్కడ రోగిని కాపాడదు. ఎక్కడ, ఎప్పుడు మేలుకున్నదో తెలియాలి. దాన్ని తెలుసుకోవడానికి కణంలోకి పంపే రసాయనాన్ని ప్రోబ్ అంటారు.

రంగు చూపించే ఎర

అన్నిటికన్నా పాత ఉపాయం ఎంజైముకు ఒక ఎర వేయడం. ఎంజైము దాన్ని కత్తిరించగానే రంగు రావాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షలో పారా నైట్రోఫీనైల్ ఫాస్ఫేట్ అనే రంగులేని పదార్థం వాడతారు. ఎంజైము దాని నుంచి ఫాస్ఫేట్ ముక్కను తీసేస్తే మిగిలినది పసుపు రంగుకు తిరుగుతుంది. నిమిషానికి ఎంత పసుపు పెరిగిందో యంత్రం చూస్తుంది. అదే మీ రిపోర్టులోని సంఖ్య.

బతికి ఉన్న కణంలో కూడా ఇలా చేయవచ్చు. ఫ్లోరెసీన్ డయాసిటేట్ అనే పదార్థానికి తనంతట తనకు వెలుగు లేదు. అది కణంలోకి సులభంగా దూరుతుంది. లోపల ఎస్టరేజ్ ఎంజైములు పని చేస్తూ ఉంటే దాన్ని కత్తిరిస్తాయి, అప్పుడు నీలి కాంతి కింద పచ్చగా మెరుస్తుంది. చచ్చిన కణం మెరవదు. ఈ పద్ధతిలో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. ఒక్క ఎంజైము వరుసగా ఎన్నో ఎరలను కత్తిరిస్తుంది కనుక వెలుగు బాగా పెరుగుతుంది, కొద్దిపాటి పని కూడా కనిపిస్తుంది. కానీ ఆ వెలుగు కణమంతా పరుచుకుంటుంది. ఏ ఎంజైము కత్తిరించిందో, అది ఎక్కడ ఉందో చెప్పదు.

సుబ్బారావుగారి నీలిరంగు

రంగుతో పనిని కొలిచే ఈ చరిత్రలో ఒక తెలుగువాని పేరు తప్పక చెప్పుకోవాలి. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని పాసవలేదు. మద్రాసులో వైద్యం చదివి, 1920ల తొలినాళ్లలో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. ఆ ప్రయాణానికి ఆసరాగా నిలిచింది ఆయన మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ. మన బులెటిన్ చదివే దాతలు ఈ సంగతి ప్రత్యేకంగా గమనించగలరు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ఫాస్ఫేటును కొలిచే పద్ధతి ప్రచురించారు. నమూనాను ఆమ్లంలో మాలిబ్డేట్‌తో కలిపి, తర్వాత మరో రసాయనం చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. శరీరంలో చాలా ఎంజైములు చేసే పని ఫాస్ఫేటును ఒకచోట తీసి ఇంకోచోట అతికించడమే. కనుక విడుదలైన ఫాస్ఫేట్ తెలిస్తే ఎంజైము చేసిన పని తెలిసినట్టే. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు నడిచింది.

కండరాల రసంతో ఈ పరీక్ష చేసినప్పుడు వారికి ఒక వింత కనిపించింది. నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు, నెమ్మదిగా పెరుగుతూ పోయింది. పరీక్ష చెడిపోయిందని పారబోయవచ్చు. వారు ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో ఏదో పదార్థం ఆ ఆమ్లంలో మెల్లగా విరుగుతూ ఫాస్ఫేటును విడుదల చేస్తోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులకూ అది దొరికింది. 1929లో కండరం నుంచే ఎ.టి.పి.ని ఫిస్కే, సుబ్బారావు వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది విడిగా కనుగొన్నారు.

తూము మూసి చూడడం

రెండో ఉపాయం ఎంజైమును ఆపడం. చెరువు కాలువలో ఒక తూము మూస్తే పైన నీళ్లు నిలుస్తాయి, కింద మడి ఎండుతుంది. ఎక్కడ నిలిచాయో చూస్తే మూసుకుపోయిన తూము ఏదో తెలుస్తుంది. గ్లూకోజ్ పైరువిక్ ఆమ్లంగా మారే గ్లైకాలిసిస్‌లో పది మెట్లు ఉన్నాయని మీరు చదివారు. పది మెట్లకూ పది ఎంజైములు. ఆ వరుసను శాస్త్రజ్ఞులు తేల్చింది చాలావరకు ఇలా ఒక్కో తూమును విషంతో మూసి, ఏం పోగవుతుందో చూసే.

1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఐనార్ లుండ్స్‌గార్డ్ అయోడోఅసిటిక్ ఆమ్లంతో ఒక ప్రయోగం చేశాడు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లం తయారవడమే కారణమని అప్పటి నమ్మకం. అయోడోఅసిటిక్ ఆమ్లం ఇచ్చిన కండరంలో లాక్టిక్ ఆమ్లం పుట్టనే లేదు, అయినా కండరం కొంతసేపు ముడుచుకుంటూనే ఉంది. ఆ సేపంతా సుబ్బారావుగారు కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతూ వచ్చింది. అది అయిపోగానే కండరం బిగుసుకుపోయింది. ఒక్క రసాయనంతో పాత సిద్ధాంతం పడిపోయింది. ఆ రసాయనం ఆపింది ఆరో మెట్టు ఎంజైమును. ఆ ఎంజైము గుంటలో ఉన్న గంధకం పరమాణువుకు అంటుకుని ఊడి రాదు. ఈ అంటుకునే గుణాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక మన పావగడకు వద్దాం. మన తాలూకా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని, పిల్లల పళ్లు పచ్చబడేది, పెద్దల కీళ్లు పట్టేసేది అందుకేనని చెప్పనక్కరలేదు. అదే ఫ్లోరైడ్ మీ షుగర్ పరీక్షలో ఉందని ఎంతమందికి తెలుసు? ఈసారి రక్తం తీసేటప్పుడు గొట్టం మూత చూడండి. షుగర్‌కు వాడేది సాధారణంగా బూడిదరంగు మూత గొట్టం. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. గొట్టంలోకి వచ్చాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజును తింటూనే ఉంటాయి. మామూలు వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఉదయం ఇక్కడ తీసిన రక్తం బస్సులో తుమకూరు చేరేసరికి షుగర్ తక్కువగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఫ్లోరైడ్ మెగ్నీషియంతో, ఫాస్ఫేటుతో కలిసి తొమ్మిదో మెట్టు ఎంజైమైన ఎనోలేజ్ గుంటను మూసేస్తుంది, అందుకే దాన్ని కలుపుతారు. ఎనోలేజును 1934లో లోమాన్, మేయర్‌హాఫ్ కనుగొన్నారు.

ఇక్కడ విద్యార్థులకు మంచి ప్రశ్న ఒకటి ఉంది. ఫ్లోరైడ్ ఉన్న గొట్టంలో కూడా మొదటి గంట, రెండు గంటలు షుగర్ తగ్గుతూనే ఉంటుంది, ఆ తర్వాతే నిలబడుతుంది. ఎందుకు? మూసినది తొమ్మిదో తూము. గ్లూకోజును పట్టుకునేది మొదటి మెట్టు ఎంజైము. అది తెరిచే ఉంది. దానికి ఎ.టి.పి. కావాలి, ఆ ఎ.టి.పి. నిల్వ అయిపోయేదాకా అది గ్లూకోజును లోపలికి లాగుతూనే ఉంటుంది. కాబట్టి ఎంజైమును ఆపడమంటే దాని ముందరి వరుసంతా ఆ క్షణమే ఆగిపోయిందని కాదు. పరీక్షల్లో పది మెట్ల పేర్లు బట్టీపట్టి రాసేవారు చాలామంది, ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పేవారు తక్కువ.

తల్లిదండ్రులు భయపడకుండా ఒక లెక్క చెబుతాను. గొట్టంలో మిల్లీలీటరు రక్తానికి సుమారు 2.5 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. అందులో ఫ్లోరైడ్ వంతు 42కు 19. అంటే లీటరుకు దాదాపు 1,100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. గొట్టంలో ఉన్నది దానికి ఏడు వందల రెట్లకు పైమాట. కనుక బోరు నీళ్లు తాగితే రక్తకణాల్లో ఎనోలేజ్ ఇలా మూసుకుపోతుందని ఎవరూ అనుకోవద్దు. బోరు నీళ్ల ఫ్లోరైడ్ చేసే కీడు ఏళ్ల తరబడి ఎముకలో, పంటిలో పేరుకుని చేసేది. అది తక్కువ కీడేమీ కాదు. పళ్లు ఏర్పడే వయసు పిల్లలకు శుద్ధి చేసిన నీరే తాగించాలి.

కొక్కెం, దారం, చీటీ

మూడో ఉపాయం కొత్తది. ఎంజైమును మూసే విషాన్నే తీసుకుని దానికి ఒక గుర్తు కడితే ఎలా ఉంటుంది? అయోడోఅసిటిక్ ఆమ్లం అంటుకుని ఊడి రాదని చెప్పాను. అలా అంటుకునేది కొక్కెం. దానికి ఒక దారం. దారం చివర మెరిసే రంగు గానీ, వెతికి పట్టుకోవడానికి వీలైన ముడి గానీ ఒక చీటీలాగా. పని చేస్తున్న ఎంజైము గుంట తెరిచి ఉంటుంది, కొక్కెం పడుతుంది. నిద్రావస్థలో ఉన్నదానికి, వేరే మందు వల్ల మూసుకుపోయినదానికి పడదు. కాబట్టి చీటీ కట్టినవన్నీ ఆ క్షణాన పని చేయగలిగిన ఎంజైములే. రంగు ఎరలాగా ఇది పరుచుకోదు, ఎంజైముకే అతుక్కుని ఉంటుంది. వాటిని విడదీసి పేరుపేరునా లెక్కపెట్టవచ్చు.

ఈ కొక్కేనికి మొదటి నమూనా మన రైతులకు దగ్గరి చుట్టం. వేరుశనగకు, కందికి కొట్టే క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్ వంటివి ఆర్గనోఫాస్ఫేట్ మందులు. పురుగు నరాల్లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంది. నరం ఇచ్చిన కబురు అందగానే ఆ కబురు రసాయనాన్ని తుడిచేయడం దాని పని. దాని గుంటలో సెరిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. మందు ఆ సెరిన్‌కు అంటుకుంటుంది. కబురు తుడవడం ఆగిపోతుంది, పురుగు చస్తుంది. మనిషి నరాల్లోనూ అదే ఎంజైము ఉంది. మందు కొట్టినవారికి చొంగ, చెమటలు, చూపు మసక, ఊపిరి అందకపోవడం వచ్చేది అందుకే. ఆసుపత్రిలో కోలినెస్టరేజ్ పరీక్ష చేయిస్తారు. అదీ యూనిట్లలోనే వస్తుంది, ఎందుకంటే ఎంజైము రక్తంలో ఉంటుంది, పని మాత్రం చేయదు. అలాంటి పరిస్థితి వస్తే మందు డబ్బా లేబులును వెంట తీసుకెళ్లండి. ఏ జాతి మందో డాక్టరుకు తెలిస్తే చికిత్స త్వరగా మొదలవుతుంది.

ఇదే కుటుంబానికి చెందిన డి.ఎఫ్.పి. అనే పదార్థం కైమోట్రిప్సిన్ ఎంజైముకు ఒకటికి ఒకటి చొప్పున అంటుకుంటుందని 1949లో తేలింది. 1999లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో బెంజమిన్ క్రావాట్ బృందం ఇలాంటి ఫాస్ఫరస్–ఫ్లోరిన్ కొక్కేనికి దారం, చీటీ కట్టి, సెరిన్‌తో పని చేసే ఎంజైములన్నిటినీ ఒకేసారి వెతికే ప్రోబ్ తయారు చేసింది. మనిషి శరీరంలో ఇటువంటి ఎంజైములు రెండు వందలకు పైగా ఉన్నాయి.

ఒక చిక్కు మిగిలింది. చీటీ పెద్దదైతే బతికి ఉన్న కణం లోపలికి దూరదు. దానికి 2003లో ఉపాయం దొరికింది. మొదట కొక్కేనికి ఆల్కైన్ అనే అతి చిన్న గుబ్బను మాత్రమే తగిలించి కణంలోకి పంపుతారు. అది ఎంజైమును పట్టుకున్నాక, కణాన్ని పగలగొట్టి, అజైడ్ ఉన్న రంగు చీటీని కలిపితే రెండూ గుండీ పెట్టినట్టు అతుక్కుంటాయి. కణంలోని వేలాది ఇతర పదార్థాల జోలికి పోవు. ఇదే క్లిక్ కెమిస్ట్రీ. దీనికి, బతికిన కణాల్లో జరిపే ఇలాంటి చర్యలకు 2022లో షార్ప్‌లెస్, మెల్డాల్, బెర్టోజీ ముగ్గురికీ రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదంతా ప్రయోగశాల ముచ్చట అనిపించవచ్చు. 2016 జనవరిలో ఫ్రాన్సులోని రెన్ నగరంలో ఒక కొత్త మందును ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మీద పరీక్షిస్తుండగా ఆరుగురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. ఎఫ్.ఎ.ఎ.హెచ్. అనే ఒక్క సెరిన్ ఎంజైమును ఆపడానికి చేసిన మందు అది. మరుసటి ఏడాది డచ్చి శాస్త్రజ్ఞులు, క్రావాట్ బృందం కలిసి ఇలాంటి ప్రోబులతో మనిషి కణాల్లో వెతికారు. మందు పట్టిన చోట ప్రోబ్ పట్టదు కదా. ఆ మందు మరికొన్ని కొవ్వు ఎంజైములను కూడా మూసేస్తోందని కనిపించింది. అదే ఎంజైము మీద పని చేసే, అంతకుముందు క్షేమంగా పరీక్షించిన ఇంకో మందు వాటిని తాకలేదు. మరణానికి ఇదే కారణమని రుజువు కాలేదు. అయితే ఇలాంటి పరీక్ష మనిషికి ఇవ్వకముందే చేయవలసినదని నా అభిప్రాయం.

ఇంట్లో చేసి చూడండి

పలచటి గంజి మూడు గ్లాసుల్లో పోయండి. మొదటిదానిలో ఒక చెంచా ఉమ్మి, రెండోదానిలో బాగా మరిగించి చల్లార్చిన ఉమ్మి, మూడోదానిలో ఉత్త నీళ్లు కలపండి. గంజి గోరువెచ్చగా ఉండాలి, కాలేటంత వేడి వద్దు. పావుగంట తర్వాత స్కూలు ల్యాబులోని అయోడిన్ ద్రావణం రెండేసి చుక్కలు వేయండి. పిండిపదార్థం ఉన్నచోట నల్లటి నీలం వస్తుంది. మొదటి గ్లాసులో రంగు తేలికగా ఉంటుంది, ఉమ్మిలోని అమైలేజ్ పిండిని కత్తిరించింది కనుక. మరిగించిన ఉమ్మిలో ప్రోటీను పోలేదు, ఉంది. పని పోయింది. ఆ తేడాను తూకం చూపదు, అయోడిన్ చూపుతుంది.

ఆమ్లం అమైలేజును ఆపుతుందని చూపించడానికి కొందరు నాలుగో గ్లాసులో ఉమ్మితో పాటు నిమ్మరసం పిండుతారు. వద్దు. నిమ్మరసంలోని విటమిన్ సి అయోడిన్ రంగునే పోగొడుతుంది. ఎంజైము ఆగిపోయినా, రంగు లేదు కనుక అది బాగా పని చేసిందని మీరు రాసుకుంటారు. ఇది ప్రోబులు వాడే ప్రతివారికీ ఎదురయ్యే చిక్కే. గుర్తు కనిపించకపోవడానికి ఎంజైము ఒక్కటే కారణం కానక్కరలేదు. నిమ్మరసం బదులు వినిగర్ వాడండి. అనుమానం తీరాలంటే ఉమ్మి లేని గంజిలో ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో వినిగర్ కలిపి, రెండింటిలోనూ అయోడిన్ వేసి, ఏం జరిగిందో నోటుబుక్కులో టైముతో సహా రాయండి.